కంచె గుంజలో చేవ ఎంత?

ఢిల్లీ నుంచి నజఫ్‌గఢ్ పల్లెల వైపో, గురుగ్రామ్ దాటి సోహ్నా వైపో వెళితే ఆవచేల చుట్టూ, కూరగాయల మళ్ళ చుట్టూ ముళ్ళతీగ కంచెలు కనిపిస్తాయి. వాటిలో ఒరిగిపోయిన కర్ర గుంజ ఒకదాన్ని పట్టుకుని చూడండి. నేల పైన ఉన్న భాగం ఎండకు బూడిద రంగు తిరిగినా గట్టిగానే ఉంటుంది. లోతున పాతిన కొస కూడా చాలాసార్లు అంతగా చెడదు. విరిగేది ఆ రెండింటి మధ్య. మట్టి, గాలి కలిసే చోట జానెడు మేర, ఎవరో చుట్టూ గీకి తీసేసినట్లు కర్ర సన్నబడిపోయి ఉంటుంది. ఆరడుగుల కర్రలో చెడింది ఆ జానెడే. గుంజకు ప్రాణం కూడా అక్కడే.

ఒక గుంజ పడితే పోయేది ఒక్క కర్ర కాదు. తీగ వదులవుతుంది. పక్క గుంజల మీద బరువు పడుతుంది. ఆ సందులోంచి మనుబోతుల మంద చేలో దిగుతుంది. హిందీలో నీల్‌గాయ్, హర్యానా పల్లెల్లో రోజ్ అని పిలిచే ఈ జంతువు తినేదాని కన్నా తొక్కేది ఎక్కువ. ఒక్క రాత్రి చాలు, పూతకొచ్చిన ఆవ నేలకు అంటుకుపోతుంది. మూడో వానకాలానికే మళ్ళీ గుంతలు తవ్వాల్సి వస్తే కొత్త కర్రల ఖర్చుకు కూలి ఖర్చు తోడవుతుంది, పోయిన పంట దానికి అదనం.

అందుకే కర్ర కొనేవారు అడిగే మొదటి ప్రశ్న, ‘ఏ చెట్టుది?’ అని. కీర్తినగర్ కలప మార్కెట్‌లో అడిగినా, ఊరి చివరి రంపపు మిల్లులో అడిగినా దానికి జవాబు వెంటనే దొరుకుతుంది: కీకర్, శీషం, సఫేదా. ప్రశ్న తప్పు కాదు గానీ, అది సగం ప్రశ్నే. మిగతా సగం ఆ కర్ర కోసిన కొసలో కనిపిస్తుంది.

నేలమట్టం దగ్గర జరిగే పని

కలపను కుళ్ళబెట్టేవి శిలీంధ్రాలు. కర్ర గోడల్లోని సెల్యులోజ్‌ను, లిగ్నిన్‌ను కరిగించి తినే బూజు జాతులివి. వాటికి తిండి ఒక్కటే సరిపోదు. తేమ కావాలి, గాలి కావాలి, వెచ్చదనం కావాలి. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే అవి పెరగలేవు. 30 శాతం దరిదాపులకు చేరితే వాటికి పండగే. ఢిల్లీ వేసవిలో నేల పైనున్న కర్ర బాగా ఎండి ఆ హద్దుకు చాలా దిగువనే ఉంటుంది, అందుకే పై భాగానికి ఏమీ కాదు. లోతైన మట్టిలో తేమ ఉన్నా గాలి తక్కువ. ఇక నేలమట్టం దగ్గర రెండూ సమృద్ధిగా ఉంటాయి.

గాలి అందకపోతే కర్ర ఎంతకాలం ఉంటుందో చెప్పడానికి మన దేశంలోనే ఒక పాత కంచె ఉంది. మౌర్యుల రాజధాని పాటలీపుత్రం చుట్టూ కర్ర ప్రాకారం ఉండేదని గ్రీకు రాయబారి మెగస్తనీస్ రాశాడు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పట్నాలోని బులందీ బాగ్ దగ్గర తవ్వితే ఆ ప్రాకారపు దుంగలే బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళకు పైగా నీరు నిండిన మట్టిలో, గాలి తగలని చోట అవి మిగిలిపోయాయి. అదే దుంగలను ఆరుబయట వానకూ ఎండకూ వదిలేసి ఉంటే మనకు మెగస్తనీస్ మాట తప్ప ఇంకేమీ మిగిలేది కాదు.

ఢిల్లీలో ఏడాదికి కురిసేది సుమారు 700 నుంచి 800 మిల్లీమీటర్ల వాన. అందులో అధిక భాగం జులై నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. అంటే శిలీంధ్రాలకు పని దొరికేది మూడు నాలుగు నెలలు. మిగతా ఏడాది పొడి నేలలో ఆ పని చెదపురుగులు అందుకుంటాయి. ఇక్కడి పొలాల్లో ఎక్కువగా కనిపించే ఒడోంటోటెర్మిస్ జాతి చెదలది విచిత్రమైన సంసారం. అవి కొరికిన కర్రను పుట్టలోకి మోసుకెళ్ళి, దాని మీద ఒక రకం శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. కర్రను మెత్తబరిచే పనిలో పెద్ద వాటా ఆ శిలీంధ్రానిదే. తొలకరి తర్వాత పుట్టల మీద మొలిస్తే మనవాళ్ళు ఇష్టంగా ఏరుకొచ్చి వండుకునే పుట్టకొక్కులు ఆ సాగులోంచి వచ్చినవే. అలా చూస్తే కొందరి కంచెలు చివరికి కూరైపోతున్నాయన్న మాట.

చేవ అంటే ఏమిటి

పెద్ద చెట్టు మొద్దును అడ్డంగా కోసి చూస్తే రెండు రంగులు కనిపిస్తాయి. బయట లేతరంగు వలయం, లోపల ముదురు రంగు భాగం. పాఠ్యపుస్తకాలు బయటిదాన్ని రసదారువు అంటాయి, లోపలిదాన్ని చేవదారువు అంటాయి. వడ్రంగులకు అది తెల్లచెక్క, ఇది చేవ. మనిషి గట్టివాడైతే చేవ ఉన్నవాడంటాం. ఆ మాట చెట్టు నుంచి వచ్చిందే.

తెల్లచెక్క బతికున్న భాగం. వేళ్ళు పీల్చిన నీటిని ఆకులకు మోసేది అదే. అందులో సజీవ కణాలుంటాయి, వాటిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. చెట్టు లావవుతున్న కొద్దీ లోపలి వలయాలకు నీరు మోసే పని తప్పిపోతుంది. ఆ కణాలు చనిపోయే ముందు తమ దగ్గరున్న పిండిని, చక్కెరలను ఖర్చుపెట్టి రకరకాల రసాయనాలు తయారుచేసి గోడల్లో నింపుతాయి. టేకులో క్వినోన్లు, చండ్రలో కాటెకిన్లు, తుమ్మలో టానిన్లు ఈ కోవలోవే. చాలా జాతుల్లో నీటి గొట్టాలు కూడా మూసుకుపోతాయి. శిలీంధ్రానికీ చెదకూ విషం లాంటి సరుకు నిండిన, తలుపులు బిగించిన గిడ్డంగి అన్న మాట చేవ. తెల్లచెక్క మాత్రం తలుపులు తీసిన వంటిల్లు.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఏ చెట్టు తెల్లచెక్కకైనా మన్నిక లేదు. టేకుదైనా అంతే, మామిడిదైనా అంతే. టేకు మన్నుతుందంటే టేకు చేవ మన్నుతుందని అర్థం. కాబట్టి ‘తుమ్మ గుంజ పదేళ్ళుంటుంది’ అన్న మాట నమ్మి, బొటనవేలంత చేవ ఉన్న లేత తుమ్మ కొమ్మను పాతితే అది మామిడి కొమ్మలాగే పోతుంది.

దీన్ని చిన్న లెక్కలో చూద్దాం. గుండ్రటి కర్ర వంగకుండా తట్టుకునే బలం దాని వ్యాసాన్ని మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్యను బట్టి ఉంటుంది. నాలుగు అంగుళాల గుంజ తీసుకోండి. దాని చుట్టూ ఒక అంగుళం మందాన తెల్లచెక్క ఉందనుకుందాం. రెండు మూడేళ్ళలో అది పోతే మిగిలే చేవ రెండు అంగుళాలు. వ్యాసం సగమైంది. బలం సగం కాదు, ఎనిమిదో వంతు. మనుబోతు భుజం ఆనిస్తే విరిగేది అందుకే. అదే చెట్టు జాతి నుంచి ఆరు అంగుళాల గుంజ తీసుకుంటే, అదే ఒక అంగుళం పోయినా లోపల నాలుగు అంగుళాల చేవ మిగులుతుంది. అంటే చుట్టూ ఉన్నదంతా కుళ్ళిపోయాక కూడా, కొత్తగా కొన్న నాలుగు అంగుళాల గుంజతో సమానమైన బలం దానికుంటుంది. గుంజల సంఖ్య తగ్గించి లావు పెంచడం లాభమా నష్టమా అని ఆలోచించేవారు ఈ లెక్కను మర్చిపోవద్దు.

కర్రల శ్మశానం

ఏ చేవ ఎన్నేళ్ళుంటుందో ఊహించి చెప్పలేం. పాతి చూడాల్సిందే. ఢిల్లీకి సుమారు 250 కిలోమీటర్ల దూరాన డెహ్రాడూన్‌లో ఉన్న అటవీ పరిశోధన సంస్థ ఈ పనిని తరాలుగా చేస్తోంది. 1906లో మొదలైన ఈ సంస్థ రకరకాల చెట్ల చేవతో ఒకే కొలత ముక్కలు కోయించి, ఆరుబయట చెదలున్న నేలలో వరుసలుగా పాతి, ఏటా తీసి చూసి ఎంత పోయిందో రాసిపెడుతుంది. వరుసగా నిలబెట్టిన ఆ మొనలు సమాధి రాళ్ళలా కనిపిస్తాయి కనుక ఈ పద్ధతికి శ్మశాన పరీక్ష అనే పేరు స్థిరపడింది.

ఆ లెక్కల ఆధారంగానే భారతీయ ప్రమాణాలు కలపను మూడు తరగతులుగా విడదీశాయి. సగటున 120 నెలలు, అంతకు మించి నిలిచినవి మొదటి తరగతి. 60 నుంచి 120 నెలల మధ్య పోయినవి రెండోది. 60 నెలలు కూడా నిలవనివి మూడోది. టేకు, మనం గుగ్గిలం చెట్టు అనే సాల్, దేవదారు మొదటి వరుసలో ఉంటాయి. మామిడి, బూరుగ చివరి వరుసలో. ఈ సంఖ్యలను నేరుగా మన గుంజకు అంటగట్టకూడదు. పరీక్ష ముక్కలు సన్ననివి. పైగా డెహ్రాడూన్‌లో వాన ఢిల్లీ కన్నా రెండున్నర రెట్లకు పైగా పడుతుంది. అయినా జాతుల మధ్య హెచ్చుతగ్గులు తెలుసుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు.

అమెరికాలోని ఒరెగాన్‌లో అచ్చంగా కంచె గుంజల కోసమే ఇలాంటి క్షేత్రాన్ని 1920ల చివర్లో మొదలుపెట్టారు. అక్కడ కొన్ని జాతుల గుంజలు నాలుగైదు ఏళ్ళలో నేలకూలితే, ఒసేజ్ ఆరెంజ్ అనే చెట్టు గుంజలు ఏ మందూ పూయకుండానే దశాబ్దాల తరబడి నిలబడ్డాయి.

ఢిల్లీ చుట్టుపక్కల దొరికేవి

దేవదారు కొండల నుంచి రావాలి, సాల్ అడవుల నుంచి రావాలి. టేకును కంచెకు వాడేంత స్తోమత ఎవరికీ లేదు. ఇక్కడి నేలలో పెరిగేవాటి సంగతి చూద్దాం.

దేశీ కీకర్ అంటే మన నల్లతుమ్మ. దీని చేవ గట్టిది, బరువైనది, మన్నికైనది. బండి చక్రాలకు, నాగళ్ళకు తరాలుగా వాడిన కర్ర. తెల్లచెక్కకు మాత్రం పుప్పిపురుగు బాగా పడుతుంది. కొన్నాళ్ళకే సన్నటి పిండి రాలుతుంది. ఆ పురుగు వచ్చేది తెల్లచెక్కలోని పిండిపదార్థం కోసం. నరికిన దుంగలను కొన్ని వారాలు చెరువులో ముంచి ఉంచే పాత అలవాటు వెనుక ఉన్నది ఇదే. నీటిలో నానితే ఆ పిండి తగ్గిపోతుంది, పురుగుకు ఆకర్షణ పోతుంది. చెదలకూ కుళ్ళుకూ మాత్రం ఇది మందు కాదు. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు.

శీషం మన జిట్రేగికి దగ్గరి చుట్టం. దీని చేవ చాలా మన్నికైనదే. కానీ మంచాలకూ తలుపులకూ వచ్చే కర్రను నేలలో పాతడానికి నాకైతే మనసొప్పదు. పైగా ఉత్తర భారతంలో శీషం చెట్లు గత కొన్ని దశాబ్దాలుగా ఎండు తెగులుతో పెద్ద సంఖ్యలో చనిపోయాయి. పొలం గట్టున అలా ఎండిన చెట్టు ఉంటే, దాని వంకర కొమ్మల చేవ గుంజలకు పనికొస్తుంది.

పాప్లర్ వద్దు. హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ పొలాల్లో నిటారుగా, చౌకగా, కావలసినంత దొరుకుతుంది. యమునానగర్ ప్లైవుడ్ మిల్లులకు అది వరం. నేలలో పాతితే మాత్రం చెదలకు విందు.

సఫేదా అంటే మన నీలగిరి, కొన్నిచోట్ల జామాయిల్ అంటాం. నిటారు గుంజ కావాలంటే ఇదే అందుబాటులో ఉంటుంది. ఐదారేళ్ళ తోటలో కొట్టిన వాసానికి చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. మందు పట్టించకుండా పాతితే తొందరగా పోతుంది. దీని సంగతి కాసేపాగి మళ్ళీ చూద్దాం.

కడపలో మొదలైన కథ

ఢిల్లీ రిడ్జ్ మీద నడిచినవారికి విలాయతీ కీకర్ తెలియకుండా ఉండదు. శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. తెలుగు నేల మీద సర్కారు తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ అంటారు. పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాలు. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటడంతో మన దేశంలో దీని చరిత్ర మొదలైంది. వంటచెరకు కొరతకు జవాబుగా తెచ్చిన చెట్టు ఇది. కొత్త రాజధాని కడుతున్న రోజుల్లోనూ ఆ తర్వాతా ఢిల్లీ రిడ్జ్‌ను పచ్చబరచడానికీ దీన్నే వాడారు. ఢిల్లీ చెట్లు కడప సంతతే అని కాదు, కానీ రెండు చోట్లా ఆశ ఒకటే, ఫలితమూ ఒకటే. నీరు లేకపోయినా పెరిగింది. పశువులు కాయ తిని పేడలో గింజ చల్లాయి. కింద మరో మొక్కను మొలవనివ్వకుండా వ్యాపించింది. వసంత్ విహార్ పక్కనున్న ఆరావళి జీవవైవిధ్య పార్కులో దీన్ని క్రమంగా తగ్గించి స్థానిక జాతులను నిలబెట్టే పని ఏళ్ళుగా సాగింది.

ఇంత చెడ్డపేరున్న ఈ చెట్టు గుంజకు మాత్రం మంచిదే. చేవ ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, బరువైనది, శిలీంధ్రాలను తట్టుకునేది. ఎండేటప్పుడు చాలా తక్కువ కుంచించుకుపోతుంది కనుక పగుళ్ళూ తక్కువే. దీని సోదర జాతులను అమెరికాలోని టెక్సాస్‌లో, అర్జెంటీనాలో పశువుల కంచెలకు వాడతారు. కాండం వంకర, ముళ్ళు, నిటారుగా ఆరడుగులు దొరకడం కష్టం. అయినా కంచె గుంజ కవాతులో నిలబడాల్సిన అవసరం లేదు. తీగ బిగించే మూడు నాలుగు చోట్లు ఒకే వరసలో ఉంటే చాలు. లావైన మొదళ్ళు ఎంచుకుంటే చేవ పాలు ఎక్కువగా ఉంటుంది. చాలాచోట్ల ఇది బొగ్గుల బట్టీకో పొయ్యికో పోతోంది. వాటిలో తగినవాటిని ముందుగా గుంజలకు ఏరుకోవచ్చు.

అయితే ఎక్కడి నుంచి తెచ్చామన్నది ముఖ్యం. ఢిల్లీ పరిధిలో చెట్టు నరకాలంటే 1994 నాటి చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి కావాలి. విలాయతీ కీకర్ అయినా, మీ సొంత స్థలంలోదైనా అంతే. నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో కాండం ఐదు సెంటీమీటర్ల వ్యాసం ఉండి, చెట్టు మీటరు ఎత్తుంటే చాలు, చట్టం దృష్టిలో అది చెట్టే. గురుగ్రామ్, ఫరీదాబాద్ ఆరావళి భూముల్లో 1900 నాటి పంజాబ్ భూసంరక్షణ చట్టం కింద ఆంక్షలున్న చోట్లు చాలా ఉన్నాయి. అమ్మేవాడిని కాగితం అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

చేవ లేని కర్రకు చేవ

ఇప్పుడు మళ్ళీ సఫేదా దగ్గరికి. చేవ లేని కర్రకు బయటి నుంచి చేవ ఎక్కించవచ్చా? ఈ ప్రశ్నకు ప్రపంచమంతా వాడిన జవాబుల్లో ఒకటి డెహ్రాడూన్‌లోనే పుట్టింది. కనిపెట్టినవారి పేరు శొంఠి కామేశం. పేరు చూడగానే తెలుగు పాఠకులకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

కామేశం అటవీ పరిశోధన సంస్థలో కలప సంరక్షణ మీద పనిచేసేవారు. రైలు స్లీపర్లకూ తంతి స్తంభాలకూ అప్పటికి వాడుతున్నది బొగ్గుతారు నుంచి తీసిన క్రియోసోట్ నూనె. నీటిలో కరిగే లవణాలు చౌక, కానీ వానకు కర్రలోంచి కడుక్కుపోతాయి. రాగి శిలీంధ్రాలను చంపుతుంది. రాగిని తట్టుకునే శిలీంధ్రాలనూ చెదలనూ ఆర్సెనిక్ చంపుతుంది. ఈ రెండింటినీ కర్రలో కట్టిపడేయడం ఎలా అన్నదే చిక్కు. రాగితో క్రోమియం కలిపే ప్రయత్నాలు అంతకుముందూ ఉన్నాయి. కామేశం 1933లో ఈ మూడింటినీ ఒకచోట చేర్చారు. డైక్రోమేట్ కర్రలోని చక్కెరలతో, లిగ్నిన్‌తో చర్య జరిపి తన రూపం మార్చుకుంటుంది. ఆ మార్పులో రాగినీ ఆర్సెనిక్‌నూ నీటిలో కరగని సమ్మేళనాలుగా కర్ర గోడలకు అంటిస్తుంది. భారతీయ ప్రమాణాల్లో ఈ మిశ్రమం పాళ్ళు ఇలా ఉంటాయి: ఆర్సెనిక్ పెంటాక్సైడ్ ఒకటి, మైలుతుత్తం మూడు, డైక్రోమేట్ నాలుగు. ఆర్సెనిక్, రాగి మూలకాల సంకేతాలు కలిపి దీనికి ఆస్క్యూ అని పేరు పెట్టారు. 1938లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడి పెరటి కంచెలకూ వరండాలకూ టెలిఫోన్ స్తంభాలకూ ఈ ఆకుపచ్చ ఛాయ కర్ర మామూలైపోయింది.

ఈ పద్ధతి కర్ర ఎంపికను తలకిందులు చేసింది. మందు పట్టాలంటే కర్రలో దారులు తెరిచి ఉండాలి. చేవలో అవి మూసుకుపోయి ఉంటాయి. తెల్లచెక్కలో తెరిచి ఉంటాయి. మందు పట్టించని గుంజకు శత్రువైన తెల్లచెక్క, మందు పట్టించే గుంజకు మిత్రుడు. అందుకే మందు పట్టించబోయే సఫేదా వాసాన్ని చెక్కి నలుపలక చేయించకూడదు. బెరడు మాత్రం తీసి, గుండ్రంగా ఉంచి, బాగా ఎండనివ్వాలి. ఉక్కు సిలిండరులో పెట్టి గాలి లాగేసి, ఆపైన ఒత్తిడితో ద్రావణాన్ని ఎక్కిస్తారు. చుట్టూ ఉన్న తెల్లచెక్క మందుతో నిండి, లోపలి భాగానికి కవచమవుతుంది. ఆ కవచానికి గాటు పడితే కథ మొదటికొస్తుంది. నీలగిరికి కొసలు చీలే గుణం ఎక్కువ, చెట్టు పెరిగేటప్పుడు లోపల పేరుకున్న బిగువు వల్ల. కోయడం, రంధ్రాలు వేయడం అన్నీ మందు పట్టించక ముందే అయిపోవాలి. గుంజ పొడవైందని అడుగు కొస కోసి పాతితే, మందు లేని లోపలి భాగాన్ని చెదల ముందు వడ్డించినట్లే.

ఇక ఆర్సెనిక్ సంగతి. కట్టిపడేసినా కొద్దికొద్దిగా అది గుంజ చుట్టూ ఉన్న మట్టిలోకి దిగుతుందని పరిశీలనల్లో తేలింది. పిల్లలు ఆడే చోట్ల, ఇళ్ళలో ఈ కర్ర వద్దన్న ఆందోళన పెరిగి, 2003 చివరితో అమెరికాలో నివాస అవసరాలకు దీని తయారీని కంపెనీలు మానుకున్నాయి. ఐరోపాలోనూ ఆంక్షలు వచ్చాయి. ఆర్సెనిక్ లేని రాగి మిశ్రమాలు ఆ స్థానంలోకి వచ్చాయి. ఆర్సెనిక్ బదులు బోరాన్ వాడే మిశ్రమం మన ప్రమాణాల్లోనూ ఉంది, అయితే బోరాన్ వానకు కడుక్కుపోయే స్వభావం గలది. ఒట్టి బోరాక్స్, బోరిక్ ఆమ్లం ఇంట్లోని వెదురుకు బాగు, నేలలో పాతే గుంజకు కాదు.

నా అభిప్రాయంలో, పెద్ద పొలం చుట్టూ మనుబోతులకు వేసే కంచెకు ప్లాంటులో సరిగా మందు పట్టించిన గుంజ సమంజసమే. కూరగాయల మడి అంచున, బావి పక్కన, పిల్లల ఆటస్థలంలో అది వద్దు. అన్నిటికన్నా భయపడాల్సింది దాని చివరి రోజు గురించి. విరిగిన గుంజ పల్లెలో ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. పొయ్యిలోకి. ఆర్సెనిక్ ఉన్న కర్ర కాలితే పొగలోకి కొంత పోతుంది, మిగతాది బూడిదలో పేరుకుంటుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆకుపచ్చ ఛాయ ఏళ్ళు గడిస్తే వెలిసిపోతుంది కనుక రంగు చూసి గుర్తుపట్టడం కుదరదు. మందు గుంజలు పాతిన రోజే ప్రతిదానికీ పైన ఒక రేకు ముక్క కొట్టి పెట్టుకుంటే, పదిహేనేళ్ళ తర్వాత దాన్ని లాగేవారికి తెలుస్తుంది.

అందరూ చేసే కొన్ని పనులు

అడుగు కొసను మంటలో కాల్చి నల్లబరిచి పాతితే చెద పట్టదంటారు. బొగ్గును ఏ జీవీ తినదన్నది నిజమే. కానీ కాల్చినప్పుడు బొగ్గు పొర పగులుతుంది, ఆ పగుళ్ళ వెనుక మామూలు కర్రే ఉంటుంది, పైగా చుట్టుకొలత తగ్గి బలం పోతుంది. అమెరికాలో గుంజల మీద చేసిన పరీక్షల్లో దీనివల్ల చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం మరొకటి. అది లోపలికి దిగదు, మట్టిని మాత్రం పాడుచేస్తుంది.

గుంజ చుట్టూ సిమెంటు పోయడం ఈ ప్రాంతంలో ఫార్మ్‌హౌస్‌ల వాళ్ళకు బాగా ఇష్టం. కర్ర ఎండి కుంచించుకుంటే సిమెంటుకూ కర్రకూ మధ్య సన్నటి సందు ఏర్పడి, అందులో వాననీరు గిన్నెలో లాగా నిలుస్తుంది. దానికన్నా గుంట అడుగున కంకర వేసి, మట్టిని పొరలుపొరలుగా వేస్తూ దిమ్మిస కొట్టి, పైన చిన్న గుట్టలా చేస్తే నీరు పక్కకు జారిపోతుంది. మొత్తం పొడవులో మూడో వంతు నేలలో ఉండాలి. మొదలు చుట్టూ గడ్డి, చెత్త చేరనివ్వకూడదు. బిందుసేద్యం గొట్టాన్ని కంచె వెంట వేసి, గుంజ పక్కనే చుక్కలు పడేలా వదిలేసినవాళ్ళు ఢిల్లీ పొడి వాతావరణం ఇచ్చిన మేలును తమ చేత్తో తామే పోగొట్టుకుంటున్నారు.

కొనేటప్పుడు ఒక్కటే చూడండి. కోసిన కొసను కాస్త నీటితో తడిపితే రెండు రంగులూ స్పష్టంగా విడిపోతాయి. స్కేలు పెట్టి చేవ వ్యాసం కొలవండి. మందు పట్టించకుండా పాతే కర్ర అయితే, మీరు డబ్బిచ్చి కొంటున్న గుంజ ఆ లోపలి భాగం మాత్రమే.

కర్రే కావాలన్న పట్టుదల లేకపోతే వేరే దారులున్నాయి. తెలంగాణలో గ్రానైటు కడీలు తరాలు నిలుస్తాయి, ఢిల్లీకి దక్షిణాన రాజస్థాన్ ఇసుకరాతి పలకలు ఆ పని చేస్తాయి. ఇంకా నచ్చేది బతికున్న గుంజ. చెట్టుకు చెద పట్టినా అది మళ్ళీ పెరుగుతుంది. వాక్కాయ, సీమచింత దగ్గరదగ్గరగా నాటితే ఈ నేలలో మంచి ముళ్ళ కంచె అవుతుంది, కాయలు అదనం. అవి ఎదిగేందుకు పట్టే నాలుగైదు ఏళ్ళు కాపు కాయడానికి మాత్రం కర్ర గుంజలే కావాలి. ఆ పనికి పదిహేనేళ్ళ మన్నిక అక్కర్లేదు, మందూ అక్కర్లేదు. విలాయతీ కీకర్ చాలు.

మీ పొలంలో ఏది ఎన్నాళ్ళుంటుందో కచ్చితంగా తెలుసుకోవాలంటే డెహ్రాడూన్ వెళ్ళనక్కర్లేదు. గుంజలు కోయగా మిగిలిన ముక్కలను ఒకే మందాన, రెండేసి అడుగుల పొడవున కోయించండి. జాతికి ఐదారు చొప్పున, చేవవి వేరుగా, తెల్లచెక్కవి వేరుగా. తోట మూలలో సగానికి పాతి, ఏది ఎక్కడుందో నోటుబుక్కులో గీసుకోండి. ఏటా అక్టోబరులో, వానలు వెళ్ళాక, ఒక్కోదాన్ని నేలమట్టం దగ్గర పాత స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. దిగకపోతే పది మార్కులు, చేత్తో విరిగితే సున్నా. పోలిక కోసం ఒక వరుస మామిడివి పెట్టడం మర్చిపోవద్దు. మొదట పడేవి అవే, అవి పడకపోతే ఆ మూలలో చెదలు లేవని అర్థం, వరుసలన్నీ వేరే చోటికి మార్చాలి.